చలికాలంలో స్మాల్‌మౌత్ బాస్ వేట: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉత్తర అమెరికా నదుల్లో, సరస్సుల్లో స్మాల్‌మౌత్ బాస్ అనే మంచినీటి చేప కోసం గాలం వేసేవాళ్లు నవంబరు చివరి నుంచి మార్చి దాకా ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. కింద ఎక్కడ డిగ్రీలు అన్నా అది నీటి ఉష్ణోగ్రతే. గాలి గురించైతే గాలి అనే రాశాం. ఈ చేప విషయంలో జరిగే పొరపాట్లలో సగం ఆ రెండింటినీ ఒకటిగా చూడడం వల్ల వచ్చేవే. అంకెలు ఫారెన్‌హీట్‌లో ఇచ్చి, అవసరమైన చోట సెల్సియస్ కూడా చేర్చాం.

చలికి స్మాల్‌మౌత్ తిండి మానేస్తుందా?

పూర్తిగా మానదు, బాగా తగ్గిస్తుంది. నీరు ఎంత చల్లగా ఉంటే చేప ఒళ్లూ అంత చల్లగా ఉంటుంది. ఒళ్లు చల్లబడితే గుండె, కండరాలు, జీర్ణశక్తి అన్నీ నెమ్మదిస్తాయి. వేసవిలో మింగిన చిన్న చేప త్వరగా అరిగిపోతుంది. అదే చేప 40 డిగ్రీల నీటిలో అరగాలంటే రోజులు పడుతుంది. కడుపులో ఉన్నది కరగనిదే మళ్లీ ఆకలి పుట్టదు. అందుకే జనవరిలో ఒక చేప రోజంతా ఎర ముందే ఉండి కూడా నోరు తెరవకపోవచ్చు. అది మీ ఎర తప్పు కాదు.

నీరు 60 నుంచి 50కి దిగే రోజుల్లో అవి చలికాలానికి సరిపడా మేస్తాయి. 50 (10 సెల్సియస్) దాటి దిగితే లోతుకు, ప్రవాహం తక్కువ ఉన్న చోటికి చేరి గుంపు కడతాయి. 50 నుంచి 42 వరకు ఓపిక ఉన్నవాళ్లకు మంచి వేట. పెద్ద చేపలు దొరికే కాలమూ ఇదే. 40 (సుమారు 4.5 సెల్సియస్) కంటే కిందికి పోతే రోజుకు రెండు మూడు అవకాశాలు వస్తే మంచి రోజే అనుకోవాలి.

మరి చలికాలంలో పెద్ద చేపలే ఎందుకు ఎక్కువ పడతాయి?

రెండు కారణాలు. వేసవిలో నది పొడవునా చెల్లాచెదురుగా ఉండే పెద్ద చేపలు చలికాలంలో కొద్దిపాటి చోట్లలో కూడుతాయి. పైగా పెద్ద ఒంట్లో కొవ్వు నిల్వ ఎక్కువ, చలిని తట్టుకునే శక్తి ఎక్కువ. వేసవిలో ఆలస్యంగా పుట్టి సరిగ్గా ఎదగని పిల్లలు మొదటి చలికాలంలోనే నిల్వలు అయిపోయి చనిపోతుంటాయి. ఒక సంవత్సరం పుట్టిన పిల్లల్లో ఎన్ని మిగులుతాయన్నది ఉత్తర ప్రాంతాల్లో చాలావరకు ఆ మొదటి చలికాలమే తేలుస్తుంది.

నదిలో చేపలు ఎక్కడికి పోతాయి?

లోతైన మడుగుల్లోకి. అయితే లోతు ఒక్కటే చాలదు. ప్రవాహంతో పోరాడకుండా చేప నిలబడగలగాలి. ఒంపు తిరిగే చోట బయటి ఒడ్డు కింద తొలిచిన గుంట, పెద్ద బండ వెనక నిలకడ నీరు, వంతెన స్తంభం నీడ, పాత గోడల వెనక ఏర్పడే వెనుతిరుగుడు నీరు, ఉపనది కలిసే చోటి లోతు లాంటివి వెతకండి. చుట్టూ మూడడుగుల లోతు ఉన్న నదిలో ఎనిమిదడుగుల గుంట కూడా మంచి చలికాలపు మడుగే.

ఈ ప్రయాణం చిన్నది కాకపోవచ్చు. విస్కాన్సిన్‌లోని ఎంబారస్ నది స్మాల్‌మౌత్‌లు చలికాలం గడపడానికి వుల్ఫ్ నదిలోకి 60 కిలోమీటర్లకు పైగా దిగిపోయినట్టు గుర్తులు కట్టి చూసిన పరిశీలనలో తేలింది. కాబట్టి ఆగస్టులో చేపలు దండిగా పడిన చోట జనవరిలో ఒక్కటీ లేకపోతే ఆశ్చర్యం లేదు. అక్కడ గంటలు గడపడం వృథా.

చూసే పద్ధతి ఇది: నీటి మీద నురగ, ఆకులు కదిలే వేగం గమనించండి. మనిషి తాపీ నడక కంటే వేగంగా కదిలే నీటిని వదిలేయండి. వేగం నీరు, నిలకడ నీరు కలిసే గీతకు లోపలి వైపున, అడుగున రాయి ఉన్న చోట మొదటి ఎర వేయండి. ఒక చేప దొరికితే కదలకండి. మిగతావి అక్కడే, ఒక గది వైశాల్యంలోనే ఉండొచ్చు.

సరస్సులో ఎంత లోతున వెతకాలి?

సరస్సు గడ్డకట్టేదా కాదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. నీరు 39 డిగ్రీల (4 సెల్సియస్) దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటుంది. అంతకంటే చల్లబడిన నీరు తేలికై పైకి వస్తుంది. అందువల్ల పైన మంచు కట్టిన సరస్సులో మంచు కిందే చలి ఎక్కువ, అడుగున 39 దగ్గరి నీరు. వేసవి వరుసకు ఇది తలకిందులు. చేపలు అడుగుకు చేరడానికి అదొక కారణం.

టెన్నెసీ, కెంటకీ ప్రాంతాల జలాశయాలు సాధారణంగా గడ్డకట్టవు. అక్కడ పైనుంచి కిందిదాకా నీరు 45 అటూ ఇటూ ఒకేలా ఉండొచ్చు. అలాంటప్పుడు లోతు కంటే మేత ముఖ్యం. 30 అడుగుల లోతున్న చోట పైనుంచి 10 అడుగుల్లోనే, నిటారు రాతి ఒడ్డుకు దగ్గరగా చేపలు వేలాడుతూ ఉంటాయి. ఈరీ లాంటి మహా సరస్సుల్లో గోబీ చేపలు చలికి లోతుకు దిగుతాయి. స్మాల్‌మౌత్ వాటి వెంటే 30, 40 అడుగులకు, ఇంకా కిందికీ పోతుంది. ఈ గోబీ అక్కడ పుట్టింది కాదు. ఓడలు నిలకడ కోసం అడుగున నింపుకునే నీటితో వచ్చి 1990లో సెయింట్ క్లెయిర్ నదిలో కనిపించింది, ఇప్పుడు ఆ బాస్‌లకు ప్రధాన మేతల్లో ఒకటి.

ఎక్కడైనా మొదట చూడాల్సింది ఒకటే: తీరం నుంచి రాళ్ల మిట్ట లోపలికి సాగి, ఒక్కసారిగా లోతుకు తెగే అంచు. స్మాల్‌మౌత్‌కు పక్కకు ఈదడం కంటే ఆ అంచు వెంట పైకీ కిందికీ నాలుగడుగులు కదలడం చవక.

చల్లటి గాలి దాడి వచ్చాక చేపలు ఎందుకు మూతి బిగిస్తాయి? గాలి పీడనమా?

పీడనాన్ని చాలామంది తిడతారు గానీ లెక్క అలా చెప్పదు. పాదరస మట్టం ఒక అంగుళం మారడమంటే వాతావరణంలో పెద్ద మార్పు. నీటిలో అది దాదాపు పదమూడున్నర అంగుళాల లోతుకు సమానం. చేప ఒక అడుగు పైకో కిందికో జరిగితే అంత తేడా ఎలాగూ అనుభవిస్తుంది. మా అభిప్రాయంలో పీడనంతో పాటు వచ్చేవే అసలు కారణాలు: మబ్బు తొలగి నీటిలోకి నేరుగా దిగే వెలుగు, గాలి ఆగి అద్దంలా మారిన నీటిపైభాగం, రాత్రి ఆకాశం తేటపడి వేడి పోగొట్టుకున్న లోతు తక్కువ నీరు.

అందుకే చలి గాలి వచ్చే ముందు రోజు, మబ్బు పట్టి తేమ గాలి వీచే ఆ కొన్ని గంటలు వదులుకోకండి. అది దాటిన మరునాడు నీలాకాశం కింద వెళ్లక తప్పకపోతే ఎర చిన్నది చేయండి, ఇంకాస్త లోతుకు వెళ్లండి, ఒకే చోట రెట్టింపు సేపు ఉండండి.

స్థిరమైన చలి కంటే హఠాత్తుగా పడిపోయే వేడి చెడ్డది. 41 డిగ్రీల దగ్గర వారం రోజులు నిలిచిన నీరు, నిన్న 47 ఉండి ఈరోజు 43కి పడిన నీటి కంటే మంచిది. అలాగే 40 నుంచి 42కి ఎక్కుతున్న నీరు చాలాసార్లు చేపలను కదిలిస్తుంది. అంకె ఎంత అన్నదానికంటే ఎటు పోతోందన్నది ముందు రాసుకోండి.

వాన, కరిగే మంచు మంచివేనా?

వేరువేరు. చలికాలంలో గోరువెచ్చని వాన చిన్న వాగుల ద్వారా వెచ్చని నీరు తెస్తుంది. ఆ వాగు కలిసే చోటికి మేత, దాని వెనక బాస్ వస్తాయి. కరిగిన మంచు నీరు మాత్రం గడ్డకట్టే వేడిమికి కాస్త పైన ఉంటుంది. ఎండ కాసి గాలి 50 డిగ్రీలు ఉన్నా, కొండల మీద మంచు కరుగుతుంటే నది ఆ మధ్యాహ్నం చల్లబడుతూనే ఉంటుంది. చాలామంది మోసపోయేది ఇక్కడే: చొక్కా చేతులు మడుచుకునే వాతావరణం, చేప మాత్రం ముడుచుకుపోయి ఉంటుంది.

బయల్దేరే ముందు అమెరికా భూగర్భ సర్వే సంస్థ నదీ మట్టం అంకెలు చూడండి. కొన్ని కేంద్రాలు నీటి ఉష్ణోగ్రత కూడా ఇస్తాయి. మట్టం వేగంగా పెరుగుతుంటే ఆగండి. నిలకడగా ఉండి, నీటిలో రెండు నుంచి నాలుగడుగులు కనిపిస్తుంటే వెళ్లండి. బురద నీరు, చలి కలిస్తే ఇంట్లో ఉండి రీల్ శుభ్రం చేసుకోవడం మేలు.

ఏ వేళకు వెళ్లాలి?

తెల్లవారుజామున లేవనక్కర్లేదు. మధ్యాహ్నం 12 నుంచి 4 వరకు మేలైన సమయం. దక్షిణం వైపు తిరిగి ఎండ నేరుగా పడే నల్లటి రాతి ఒడ్డు దగ్గర నీరు ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. థర్మామీటరు దారానికి కట్టి దించి చూడండి. పడవలో చేపలను, లోతును చూపే సోనార్ పరికరం సాధారణంగా పైనీటి వేడినే చూపుతుంది.

ఏ ఎరలు తీసుకెళ్లాలి?

నాలుగైదు చాలు.

బ్లేడ్ బెయిట్: పావు ఔన్సు నుంచి అర ఔన్సు (7 నుంచి 14 గ్రాములు) బరువున్న లోహపు రేకు. అడుగుకు దించి, రాడ్ కొన ఆరు నుంచి పది అంగుళాలు లేపండి. రేకు వణుకు చేతికి తెలియగానే ఆపి మళ్లీ దిగనివ్వండి. చేప ఎక్కువగా దిగేటప్పుడే అందుకుంటుంది. దారం పూర్తిగా వదులైతే మూడు ముళ్ల కొక్కెం దారానికే చుట్టుకుంటుంది. బిగుసుగా పట్టుకుంటే ఎర సహజంగా పడదు. రెంటికీ మధ్య పట్టు చేతికి అలవాటు కావాలి. దారాన్ని రేకు రంధ్రానికి నేరుగా ముడి వేయొద్దు, అంచు కోసేస్తుంది. చిన్న స్నాప్ (తెరిచి మూసే తీగ కొక్కి) వాడండి.

ఆగి నిలిచే జర్క్‌బెయిట్: చిన్న చేప ఆకారపు గట్టి ఎర, 42 నుంచి 50 డిగ్రీల తేట నీటికి. రెండు చిన్న కుదుపులు ఇచ్చి, తర్వాత 10 నుంచి 30 సెకన్లు ఆపాలి. మనసులో లెక్కపెట్టుకోకపోతే ఎవరైనా తొందరపడతారు. చల్లని నీరు బరువు కాబట్టి వేసవిలో నిలకడగా ఆగిన ఎర ఇప్పుడు మెల్లగా పైకి లేవొచ్చు. ఒడ్డు దగ్గర వదిలి చూసి, తేలుతుంటే కొక్కెం కాడకు సన్నని సీసపు తీగ రెండు మూడు చుట్లు చుట్టండి.

ట్యూబ్, నెడ్ రిగ్: అడుగున మూడంగుళాల రబ్బరు ఎర. నదిలో ఎనిమిదో వంతు ఔన్సు బరువున్న కొక్కెపు తల సాధారణంగా సరిపోతుంది. ఇక్కడ పని కదపడం కాదు, కదపకుండా ఉంచడం. ప్రవాహమే దాన్ని కావలసినంత కదుపుతుంది.

వెంట్రుకల జిగ్: బరువు తల ఉన్న కొక్కానికి వెంట్రుకలో ఈకలో కట్టిన ఎర. రబ్బరు చలికి బిగుస్తుంది, మరబూ అనే మెత్తని ఈక మాత్రం ఎంత చలిలోనైనా ఊపిరి తీస్తున్నట్టు కదులుతుంది. 40 కంటే కింద మా మొదటి ఎంపిక ఇదే.

బెండు కింద ఈక ఎర వేలాడదీసే పద్ధతి ఏమిటి?

ఫ్లోట్ అండ్ ఫ్లై అంటారు. టెన్నెసీ కొండ ప్రాంత జలాశయాల్లో పేరు తెచ్చుకుంది. వాటిలో ఒకటైన డేల్ హాలో సరస్సులోనే 1955లో డేవిడ్ హేస్ 11 పౌండ్ల 15 ఔన్సుల ప్రపంచ రికార్డు స్మాల్‌మౌత్ పట్టాడు. అది జులైలో పట్టిన చేప, ఈ పద్ధతితో సంబంధం లేదు. కానీ అలాంటి చేపలున్న నీటికి తగ్గట్టు పుట్టిన పద్ధతి ఇది.

చలికి షాడ్ అనే మేత చేపలు, ముఖ్యంగా థ్రెడ్‌ఫిన్ షాడ్, నీరు 45 కంటే దిగితే నీరసిస్తాయి. ఇంకా దిగితే గుంపులుగా చస్తాయి. చచ్చేముందు అవి నీటి మధ్యలో కదలకుండా వణుకుతూ వేలాడతాయి. బెండు కింది జిగ్ చేసేది సరిగ్గా ఆ పనే.

అమర్చే విధం: ఎనిమిదిన్నర నుంచి పదకొండడుగుల మెత్తని రాడ్. 4 నుంచి 6 పౌండ్ల బరువు ఆపగల దారం. పదహారో వంతు లేదా ఎనిమిదో వంతు ఔన్సు జిగ్. బెండుకు, జిగ్‌కు మధ్య 8 నుంచి 12 అడుగులు. బెండు కదలకుండా కట్టినది కాబట్టి పొట్టి రాడ్‌తో విసరడం సాధ్యం కాదు, పొడవాటి రాడ్ అందుకే. జిగ్ కన్నం మీద ముడి సరిగ్గా పైభాగం మధ్యలో ఉండాలి. ముందుకు జరిగితే ఎర తల పైకెత్తి నిలువుగా వేలాడుతుంది, చేప దాన్ని నమ్మదు. ప్రతి విసురుకూ ముడి చూసుకోండి.

చిన్న అలలు ఉన్న రోజు బెండే ఎరను ఆడిస్తుంది. నీరు నిశ్చలంగా ఉంటే రాడ్ కొనను వణికించి, ఆపండి. బెండు మునిగితే సరే. బెండు పక్కకు వాలి పడుకుంటే చేప ఎరను పైకి ఎత్తిందని అర్థం, లేదా జిగ్ అడుగు తాకింది. లోతు తెలిసిన చోట సందేహం వద్దు, దారం చుట్టి రాడ్ పక్కకు లాగండి.

చేప అందుకున్నట్టు తెలియడం లేదు. ఎలా?

వేసవి దెబ్బ కోసం ఎదురుచూడొద్దు. చలిలో బాస్ నోట్లో పెట్టుకుని అక్కడే నిలబడుతుంది. మీకు తెలిసేది తడి ఆకు తగిలినట్టు బరువు, లేదా ఉండాల్సిన బరువు లేకపోవడం. ముదురు రంగు దారం నీటిలోకి దిగే చోటును చూస్తూ ఉండండి, అక్కడ చిన్న వంపు వస్తే చాలు. గట్టిగా ఎగరేయకుండా సాగదీసినట్టు ఎత్తితే కొక్కెం దిగుతుంది. కొక్కెం మాత్రం గోటి మీద జారకుండా పట్టుకునేంత పదునుగా ఉండాలి.

దారం, రాడ్ గడ్డకడుతున్నాయి. ఏం చేయాలి?

అల్లిక దారం నీరు పీల్చి రాడ్ కళ్లకు (దారం దూరే వలయాలకు) పూస్తుంది, అక్కడ అది మంచవుతుంది. గాలి 32 కంటే కింద ఉన్న రోజు 6 లేదా 8 పౌండ్ల ఫ్లోరోకార్బన్ (నీరు పీల్చని ఒంటి పోగు దారం) మేలు. కళ్లకు సిలికాన్ పూత లేదా పెదవులకు రాసే మైనం పూస్తే కాసేపు ఆగుతుంది. మంచు పేరుకుంటే గోటితో చిదపకండి, లోపలి పింగాణీ వలయం ఊడిపోతుంది. రాడ్‌ను నీటిలో ముంచి తీయండి. గాలి కంటే నీరే వెచ్చగా ఉంటుంది. రీల్‌లో చిక్కటి గ్రీజు చలికి బిగుస్తుంది కాబట్టి పల్చటి నూనె వేయండి. చక్రాల గేర్లకు మాత్రం కొద్దిగా గ్రీజు ఉంచాలి.

పట్టిన చేపను ఎలా వదలాలి?

ఇది మేం అన్నిటికంటే గట్టిగా చెప్పే విషయం. చలికాలపు మడుగులో ఉన్నవి ఆ ఒక్క చోటి చేపలు కావు, కిలోమీటర్ల నది బాస్‌లు. అక్కడ నాలుగు చేపలను పాడుచేస్తే వేసవిలో పొడవాటి ప్రవాహం ఖాళీ అవుతుంది. ఒక గుంపు మీద ఐదారు చేపలు పట్టాక ముందుకు కదలండి.

గాలి గడ్డకట్టే స్థాయిలో ఉంటే మొప్పలు, కళ్లు కొద్ది సేపట్లోనే దెబ్బతింటాయి. కొక్కెం నీటిలోనే తీయండి. ఫోటో కావాలంటే కెమెరా సిద్ధం చేసుకున్నాకే చేపను ఎత్తండి, ఐదు సెకన్లలో దించండి. పొడి ఊలు చేతితొడుగు జిగురు పొరను తుడిచేస్తుంది కాబట్టి చేతిని తడిపి పట్టుకోండి.

30 అడుగుల (9 మీటర్ల) కంటే లోతు నుంచి పైకి లాగితే గాలితిత్తి ఉబ్బి చేప తిరగబడి తేలుతుంది. నోట్లోంచి కడుపు బయటికి వస్తే దాన్ని గుచ్చకండి, అది గాలితిత్తి కాదు. కిందిపెదవి పట్టి బరువుతో లోతుకు దించి వదిలే పరికరం వాడండి. అన్నిటికంటే మంచిది ఆ లోతులో వేటాడకపోవడం.

చలికాలంలో పట్టడానికి అనుమతి ఉందా?

ప్రతి రాష్ట్రానికీ, కొన్నిచోట్ల ప్రతి నదికీ వేరు. ఉదాహరణకు న్యూయార్క్‌లో డిసెంబరు 1 నుంచి సాధారణంగా పట్టి వదలాల్సిందే, అదీ కృత్రిమ ఎరలతోనే. నిబంధనలు ఏటా మారొచ్చు, వెళ్లబోయే నీటి పేరుతో చూసుకోండి.

పడవలో ప్రాణభయం ఎంత?

ఎక్కువే, దాన్ని దాచిపెట్టి లాభం లేదు. చల్లటి నీటిలో పడితే మొదటి నిమిషం ఊపిరి అదుపు తప్పి నీరు మింగే ప్రమాదం, తర్వాత పది నిమిషాల్లో చేతులు పట్టు కోల్పోతాయి, సుమారు గంటకు స్పృహ తప్పుతుంది. ఈత వచ్చినవాళ్లూ మొదటి పది నిమిషాల్లోనే పోవచ్చు. లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి, సీటు కింద కాదు. న్యూయార్క్‌లో నవంబరు 1 నుంచి మే 1 దాకా 21 అడుగుల కంటే చిన్న పడవల్లో, పెన్సిల్వేనియాలో నవంబరు 1 నుంచి ఏప్రిల్ 30 దాకా 16 అడుగుల కంటే చిన్న పడవల్లో, కయాకుల్లో ఇది చట్టం. ఇంజిన్ ఆపే తాడు కట్టుకోండి, పొడి బట్టలు నీరు చొరని సంచిలో పెట్టండి, ఒంటరిగా వెళ్లొద్దు. ఒడ్డు చేరాక ఇంజిన్‌ను నిటారుగా ఉంచి నీరంతా కారనివ్వండి. లోపల మిగిలిన నీరు గడ్డకడితే పంపు పగులుతుంది.

మంచు మీద నడిచి వేటాడేవారికి: తేటగా, కొత్తగా కట్టిన మంచు కనీసం నాలుగంగుళాలు ఉండాలి. తెల్లగా పొరలుగా ఉన్న మంచుకు సగం బలమే, కాబట్టి రెట్టింపు మందం చూడండి. నది మంచు మీద అడుగే పెట్టొద్దు, కింది ప్రవాహం ఎక్కడ పలచన చేసిందో పైనుంచి కనిపించదు.

చలికాలపు పద్ధతి ఎప్పుడు మానాలి?

క్యాలెండరు చూడకండి. నీరు వరుసగా నాలుగైదు రోజులు 45 దాటి పైకి పోతుంటే చేపలు మడుగు నడుమ నుంచి దాని తల వైపు, ప్రవాహం మొదలయ్యే రాళ్ల దగ్గరికి జరుగుతాయి. 50 దగ్గర ట్యూబ్‌ను కాస్త వేగంగా లాగి చూడండి. అందుకుంటే ఆగే సమయం సగానికి తగ్గించండి. అందుకోకపోతే ఇంకో వారం మడుగులోనే.